ఈ ఇంట చదివిన గంటలు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. పరీక్షల శాఖ మంత్రిగారి గొప్పతనం గురించి పేపర్లలో చాలానే రాశారు. కానీ ఆ గొప్పతనం మూడు నెలల పాటు మా ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చుందన్న సంగతి ఏ పేపరూ రాయలేదు. అది నేను చెప్తాను.

ఒక ఆదివారం పొద్దున మంత్రిగారు టీవీలో కనిపించారు. మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఇకమీదట ఈ దేశంలో చదువు చాలక ఎవరూ ఫెయిలవరు" అని ప్రకటించారు. అకౌంట్స్ పరీక్ష రాసే పిల్లలకి ఎన్ని గంటలు చదవాలో తెలియక జీవితాలు పాడైపోతున్నాయట. ఒక కోచింగ్ సెంటరు మూడువందలంటుంది, ఇంకోటి ఐదువందలంటుంది. అందుకని మంత్రిగారు తన బుర్రనంతా ఉపయోగించి నాలుగువందలని తేల్చారు.

"ఎలా తేల్చారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"మూడొందలన్నదీ ప్రజలే, ఐదొందలన్నదీ ప్రజలే. ప్రజల మాట కాదనడానికి నేనెవర్ని? రెండూ కలిపి సగం చేశాను."

"ముందు అకౌంట్స్ పరీక్షకే ఎందుకు సార్?"

"వాళ్ళైతే గంటలు తప్పు లేకుండా లెక్కపెట్టుకుంటారని."

అంత పెద్ద మనిషి అంత లెక్క కాగితం లేకుండా చేశాడే అని నాకు ముచ్చటేసింది. నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు కదలకుండా నిలబడితే పోల్చుకోగలను, అంతే.

ఆ పరీక్ష మా ఇంట్లోనే ఒకరు రాస్తున్నారు. మా అమ్మాయి కూతురు. ఒక ఆడిటర్ దగ్గర అసిస్టెంటు. కిందటిసారి నాలుగు మార్కుల్లో పోయింది. ఆ ఆడిటర్ మంచివాడే, మూడు నెలలు సెలవిచ్చి, ఉన్నమాట చెప్పాడు. "అమ్మాయ్, ఈసారి పాసైతే బోర్డు మీద నా పేరు కింద నీ పేరు రాయిస్తాను. పోతే మాత్రం ఆ చోటు మా బావమరిదికి. వాడు ఎప్పుడో పాసై ఖాళీగా కూర్చున్నాడు, మా ఆవిడ రోజూ గుర్తు చేస్తోంది." ఇంకోసారికి వీల్లేదన్నమాట.

మనవరాలు గోడ మీద ఒక కాగితం అంటించింది. చూస్తే ఎక్కడా గంటలు లేవు.

"ఎన్ని గంటలు చదువుతావే?" అన్నాను.

"గంటల్తో పనేముంది అమ్మమ్మా. ఇరవై రెండు చాప్టర్లు. ఒక్కోదానికి మూడు రోజులు. పుస్తకం చూడకుండా లెక్క చెయ్యగలిగితే ఆ చాప్టరు అయినట్టు. చివరి మూడు వారాలు పాత పేపర్లు, గడియారం ముందు పెట్టుకుని రాయడం."

"మరి ఈ వారం రోజులు ఖాళీగా వదిలేశావేం?"

"జ్వరానికి, చుట్టాలకి. చెప్పి రారు కదా, అందుకే ముందే చోటు పెట్టా."

మొత్తం తొంభై నాలుగు రోజులు. మంత్రిగారికి మాత్రం అందులో చోటు పెట్టలేదు, పిచ్చి పిల్ల.

మూడో రోజు పొద్దున పదింటికి గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. చంకలో రిజిస్టరు, చేతిలో ఇంకు డబ్బా, రెండు ముద్రలు, మెడలో ఈలలాగా వేలాడే గడియారం. గంటల అధికారి. నాలుగువందల గంటలు ఆయన సంతకంతో పూర్తయితేనే హాల్ టికెట్ ఇస్తారని ఉత్తర్వు చూపించాడు. కుర్చీ వేశాను. చేతులు ఆనించుకునే కుర్చీ కావాలన్నాడు. నా కుర్చీ ఇచ్చి నేను పీట మీద కూర్చున్నాను.

"గంటంటే ఏంటో తెలుసా అమ్మాయ్?"

"అరవై నిమిషాలండీ."

"అది మామూలు గంట. ప్రభుత్వ గంట వేరు. కూర్చునే ఉండాలి, పుస్తకం తెరిచి ఉండాలి, చేతిలో పెన్ను ఉండాలి. అయిదు నిమిషాలకోసారి పేజీ తిప్పాలి. మధ్యలో లేస్తే గంట మళ్ళీ మొదలు."

"ఒక్కో లెక్కకి అరగంట పడుతుందండీ. పేజీ తిప్పేస్తే ఎలా?"

"తిప్పు. మళ్ళీ వెనక్కి తిప్పు. అది రెండుసార్లు తిప్పినట్టు."

ఇంత వెసులుబాటున్న ప్రభుత్వాన్ని నా జన్మలో చూడలేదు.

మనవరాలు మొదలుపెట్టింది. ఒక లెక్క దగ్గర ఆగి కళ్ళు మూసుకుంది.

"గంట కట్" అన్నాడు అధికారి.

"ఆలోచిస్తున్నానండీ."

"ఆలోచనకి ఇందులో కాలమ్ లేదమ్మా."

మళ్ళీ మొదలుపెట్టింది. యాభై రెండో నిమిషంలో ఎక్కిళ్ళొచ్చి మంచినీళ్ళకి లేచింది. ఆయన గడియారం నొక్కి బాధగా తలాడించాడు.

"కానీ ఇప్పటిదాకా చదివాను కదండీ."

"చదివావు, కాదన్లేదు. గంటే కాలేదు."

గంట అయ్యాక ఒక ఫారం మూడు కాపీలు నింపాలి. దానికో ముద్ర, ముద్ర సరిగ్గా పడిందని ఇంకో ముద్ర. ఇంకు ఆరేదాకా తరవాతి గంట మొదలుపెట్టకూడదు, రిజిస్టరు అంటుకుంటుందట. తరవాత ఆయన టీ, ఆయన భోజనం, భోజనం తరవాత ఆయన కునుకు. సాయంత్రం అయిదింటికి రెండు గంటలు తేలాయి. దేశంలోనే ఇది మంచి సగటని ఆయనే చెప్పాడు.

వారం గడిచాక మనవరాలు ఆయన్ని ఒక మాట అడిగింది. "సార్, నేను రోజూ పొద్దున అయిదింటికి లేచి తొమ్మిదిన్నర దాకా చదువుతున్నాను. అవి కూడా రాసుకోండి. మా అమ్మమ్మ సాక్ష్యం."

ఆయన నా వైపు చూసి, రిజిస్టరు వైపు చూసి, "నేను లేనప్పుడు చదివింది చదువు కిందకి రాదమ్మాయ్, అలవాటు కిందకి వస్తుంది" అన్నాడు.

ఇలా యాభై రోజులకి వంద గంటలయ్యాయి. దేశం మొత్తం మీద వంద దాటిన మొదటి ఇల్లు మాదేనట. మంత్రిగారు స్వయంగా వచ్చి అభినందిస్తారని కబురొచ్చింది.

ఆరు రోజులు పండగలా గడిచాయి. మొదటి రోజు స్టేజీ కొలతలు, రెండో రోజు స్టేజీ. మూడో రోజు ఆ స్టేజీ ఎదురింటి దర్జీ కొట్టుకి అడ్డం వస్తోందని ఆయన మొత్తుకుంటే పీకి మా కిటికీ కిందకి మార్చారు. నాలుగు, అయిదు మైకు టెస్టింగు. "హలో, హలో, చదువే వెలుగు, హలో" అని ఒకాయన రెండు రోజులు చదువు గొప్పతనం చెప్తుంటే, లోపల మనవరాలు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. దూది చూసిన అధికారి అది నిబంధనల్లో లేదన్నాడు. ఆ వారం గంటలన్నీ కట్.

ఆరో రోజు మంత్రిగారు వచ్చారు. నేరుగా ముందుగదిలోకి వచ్చి, కెమెరాలు సర్దుకునేదాకా ఆగి, మనవరాలి తల మీద చెయ్యి పెట్టారు.

"చదువు ఎలా సాగుతోందమ్మా?"

"మీరొస్తున్నారని ఆరు రోజులుగా ఆపానండి."

"చూశారా, ఎంత క్రమశిక్షణో" అన్నారాయన కెమెరాల వైపు తిరిగి. "ఇప్పుడు ఏ చాప్టరు?"

"ట్రయల్ బ్యాలెన్స్ తప్పులండీ. ఖాతాలన్నీ రెండు వైపులా కూడి చూస్తాం, రెండూ సమానంగా రావాలి."

"సమానంగా వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టేగా?"

"లేదండీ. సమానంగా వచ్చినా లోపల తప్పులుండొచ్చు."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి, "మనం కూడా సమానంగా రావడం మీదే దృష్టి పెట్టాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆయన వెళ్ళాక మనవరాలు గోడ మీది కాగితంలో జ్వరానికి ఉంచిన వారం కొట్టేసింది. అరవై రెండో రోజుకి రిజిస్టరులో ఉన్నవి నూటపన్నెండు గంటలు. మిగిలినవి ముప్ఫై రెండు రోజులు. ఆ సాయంత్రం అది బీరువా దగ్గర నిలబడి ఆఫీసుకి కట్టుకెళ్ళే చీరలు మడతపెడుతోంది.

"ఇప్పుడెందుకే అవి?"

"పరీక్షకి కూర్చోనివ్వరు కదా అమ్మమ్మా. ఆ బావమరిదిగారికి కుర్చీ అప్పజెప్పి రావాలి. ఇంకో చోట ఉద్యోగం వెతుక్కుంటాను. చదువు రాక ఫెయిలైతే ఏడుపు రాదు. ఇది వచ్చి కూడా రాయలేకపోవడం."

నేను ఆ చీరలు దాని చేతిలోంచి తీసుకుని మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

మర్నాడు చూస్తే గంటల అధికారి మొహం మాకంటే వాడిపోయి ఉంది. టీ కూడా వద్దన్నాడు. తన వాటాకి ఒక్క ఇల్లయినా నాలుగువందలు చెయ్యకపోతే ఊరవతల గోడౌనుకి బదిలీ చేస్తారట, పాత ప్రశ్నపత్రాలకి చెద పట్టకుండా చూసే పని.

"బాబూ, ఆ రిజిస్టరు పైన ఏం రాసుందో ఓసారి చదువు" అన్నాను.

"'ఈ ఇంట చదివిన గంటలు' అని ఉంది పెద్దమ్మగారూ."

"ఇంట్లో ఎవరు చదివిన గంటలని ఉందా?"

ఆయన అట్ట చూశాడు, లోపల చూశాడు, ఉత్తర్వు మొత్తం రెండుసార్లు చదివాడు. "లేదండి" అన్నాడు మెల్లిగా.

"చదివింది అర్థం కావాలని ఉందా?"

"అసలే లేదండి."

నా కుర్చీ నాకిచ్చేయమన్నాను. లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను, పెన్ను పట్టుకున్నాను. మనవరాల్ని దర్జీ కొట్టు వెనక గదిలోకి పంపేశాను. కుట్టుమిషన్ చప్పుడు తప్ప అక్కడ ప్రభుత్వం ఏమీ ఉండదు. ఇష్టం వచ్చినట్టు లేవచ్చు, కళ్ళు మూసుకోవచ్చు, ఒకే పేజీ మీద పూటంతా కూర్చోవచ్చు.

చెప్పుకోకూడదు గాని, నాలాంటి విద్యార్థిని ఆ శాఖ చూసి ఉండదు. ఎక్కిళ్ళు లేవు, ఆలోచన లేదు. పేజీలు గడియారం ప్రకారం తిరిగేవి. అర్థం కాని చోట ఆగిపోతామన్న భయమే లేదు, ఆగాలంటే మొదటి పేజీలోనే ఆగాలి. అధికారి ఫారాలు ముందే నింపి తెచ్చుకునేవాడు, ఇంకు ఆరడానికి విసనకర్రతో తనే విసిరేవాడు. రోజుకి తొమ్మిది గంటలు, ముప్ఫై రెండు రోజులు. రెండువందల ఎనభై ఎనిమిది.

"పెద్దమ్మగారూ, మీరు చిన్నప్పుడే ఈ పథకం వచ్చుంటే ఎక్కడో ఉండేవారు" అన్నాడు చివరి ముద్ర వేస్తూ. ఆయన కళ్ళు చెమర్చాయి.

హాల్ టికెట్ వచ్చింది. మనవరాలు పరీక్ష రాసింది. ఫలితాల రోజు పొద్దున దర్జీ తన కొట్లో కంప్యూటరు లేదని పక్కవీధిదాకా పరిగెత్తి చూసొచ్చి, రొప్పుతూ వేళ్ళతోనే మార్కులు చెప్పాడు. మనవరాలు పాసు. వారానికి ఆడిటరు బోర్డు దింపించి, తన పేరు కింద దాని పేరు రాయించాడు. బావమరిదిగారి సంగతి ఆడిటరు భార్య చూసుకుంటోందట.

ఇంతటితో అయిపోయిందనుకున్నారా? మంత్రిగారు మళ్ళీ టీవీలో కనిపించారు. పథకం వందకి వంద శాతం ఫలితాలిచ్చిందన్నారు. నిజమే. దేశంలో నాలుగువందల గంటలు పూర్తిచేసిన ఇల్లు మాది ఒక్కటే, అది పాసైంది. మిగతా పిల్లలెవరికీ హాల్ టికెట్లు రాలేదు కాబట్టి ఒక్కరు కూడా ఫెయిలవలేదు.

ఇలాంటి విజయాన్ని అలా వదిలేస్తారా? పెద్ద పెద్ద చదువులు చదివిన ఏడుగురితో కమిటీ వేసి మా రిజిస్టరు పంపించారు. మా అధికారి నిజాయితీపరుడు. ఏ గంట ఎవరు చదివారో అంచున పెన్సిల్‌తో రాసిపెట్టాడు. కమిటీ నాలుగు నెలలు దాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఆ రాత్రికి రాత్రే ఉత్తర్వు వెలువడింది. వచ్చే ఏడాది నుంచి అకౌంట్స్ పరీక్షకి అభ్యర్థి నూటపన్నెండు గంటలు, అభ్యర్థి అమ్మమ్మ రెండువందల ఎనభై ఎనిమిది గంటలు తప్పనిసరిగా చదవాలి. అమ్మమ్మ లేనివారికి శాఖే సమకూరుస్తుంది, టెండర్లు పిలిచారు. వచ్చే ఏడు పరీక్ష రాసే దర్జీ కూతురు ఒక అమ్మమ్మ కోసం అప్లై చేసింది, వెయిటింగ్ లిస్టులో నలభై ఒకటో నంబరు.

రాష్ట్రస్థాయి శిక్షకురాలిగా నన్ను వేశారు. నిన్న మొదటి క్లాసు. పెద్ద హాలు, అరవై మంది అమ్మమ్మలు, అందరి ఒళ్ళోనూ లావుపాటి పుస్తకాలు. ముందు వరసలో ఒకావిడ నా చెవి దగ్గరికి వంగి, "వదినా, పిల్లలెక్కడ చదువుతారు మరి?" అని అడిగింది. అది నా సిలబస్‌లో లేదని చెప్పాను.

అందుకని ఇదంతా బాగా గుర్తుపెట్టుకుని, పరీక్ష రాసే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చెప్పండి. ఊరికే చెప్తే నమ్మరు, ఉత్తర్వు నంబరు కూడా చెప్పాలి. నూటపద్నాలుగు బార్ ఆరు బార్ అమ్మమ్మలు. ఏదీ, ఒకసారి అనండి. మీకు నోటికొచ్చేదాకా నేనెక్కడికీ పోను.