బెంజికి టేపు పట్టిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే దుర్గాబాయి వాకిలి ఊడ్చి, బెంజి మీది గుడ్డ తీసి, తడిబట్టతో తుడిచి, బానెట్ మీద ఒక బంతిపువ్వు పెట్టింది. ఆమెకు బండి నడపడం రాదు. శామీర్‌పేట వైపు భూమి అమ్మినప్పుడు, దేశం వదిలిపోతున్న ఒక జర్మనీ దొర దగ్గర ఆమె భర్త బాలనర్సయ్య ముచ్చటపడి కొన్న పాత కారు అది. "సూడనీకి మామూలు బెంజే గని, లోపల గుండె వేరేనే," అనేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. దినాల నాడు వచ్చిన చుట్టాలు మళ్ళీ మేడ్చల్‌లో ఆ గడప తొక్కలేదు. వరండాలో కుర్చీలు అప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

ఆ ఇంటికి వచ్చేది ఒక్కరే, కొంపల్లిలో ఉండే చలపతిరావు. బ్యాంకులో రిటైరయ్యాడు. ఆయనకూ ఒక పాత జర్మన్ కారుంది, నల్లటి బీఎండబ్ల్యూ ఎం ఫైవ్. ఈ రెండింట్లో ఏది గొప్పదో తేల్చడానికి ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు.

"మీ బెంజికి చక్రాల మీది రెక్కలు వెడల్పండి. వాళ్ళ సొంత ఫ్యాక్టరీ లైన్లో పట్టలేదు. పోర్షే వాళ్ళ దగ్గరికి పంపి చేయించుకున్నారు," అన్నాడాయన.

"అంటే కాన్పుకు తల్లిగారింటికి తోలిండ్రన్నట్టు."

"మాదాని ఇంజను మాత్రం సొంతవాళ్ళే చేత్తో కూర్చారు."

"ఇంట్ల పుట్టినదానికి గంత గొప్పలెందుకు సారూ?"

చలపతిరావు నవ్వి, సంచీలోంచి పొడుగాటి టేపు తీశాడు. "ఇవాళ్టితో తేలిపోతుందండి. వెడల్పులు ఒక్కటే మిగిలాయి. ఆ కొస పట్టుకోండి."

దుర్గాబాయి టేపు వైపు చూసింది. తేలిపోతే ఈయన వచ్చే ఆదివారం ఎందుకొస్తాడు? అయినా టేపు కొస పట్టుకుంది.

మేడ్చల్‌లో ఆ రోజుల్లో టేపు రెండు పనులకే బయటికి వచ్చేది. ఒకటి జాకెట్టు కుట్టడానికి, రెండు ప్లాటు కొలవడానికి. పక్కింటి రాధమ్మ గోడ మీంచి తొంగి చూసింది. కొంపల్లి పెద్దమనిషి ఒక కొస, దుర్గాబాయి ఇంకో కొస. ఇది జాకెట్టు కాదని ఆమెకు తెలిసిపోయింది.

ఆమె కబురందుకుని కాసేపట్లో భూముల బ్రోకరు బాలమల్లు బండి మీద ఊడిపడ్డాడు. "సారూ, కొలతలెట్లున్నయ్?"

కార్ల మీద ఇష్టం ఉన్న మనిషి దొరికాడని చలపతిరావు మురిసిపోయాడు. "నాదానికి ముందు సన్నం, వెనక కాస్త వెడల్పండి."

"గోముఖం! వాస్తు మస్తుగుంది," అని బాలమల్లు ఫోను తీశాడు.

ఆ ఫోనుకు బాలనర్సయ్య తమ్ముడి కొడుకు జనార్ధన్ నలుగురిని జీపులో ఎక్కించుకుని దిగాడు. "ఏంది పెద్దమ్మా, మాకు సెప్పకుంట కొలిపిస్తున్నవ్? మేం సచ్చిపోయినమా?"

"రెండేండ్ల సంది గదే అనుకుంటున్న బిడ్డా. కూసో," అంది దుర్గాబాయి, కుర్చీలు ఊడదీస్తూ.

జనార్ధన్ చలపతిరావు మీదికి తిరిగాడు. "పెద్దమ్మవి ఎన్ని?"

"ఆవిడవి ఎనిమిదండి. నావి ఆరే," అన్నాడు సిలిండర్ల లెక్కలో ఉన్న చలపతిరావు.

జనార్ధన్ వేళ్ళ మీద లెక్క పెట్టాడు. ఇంటి వెనక ఉన్నది రెండెకరాలే. "తక్కిన ఆరు ఏడ దాసిండే పెద్దనాయిన? నెంబరెంత సారూ?"

"నూట ఇరవై నాలుగు," అన్నాడు చలపతిరావు, బెంజి మోడల్ నెంబరు చెబుతూ.

"గా సర్వే నెంబరు చెరువు శికం గదరా, సర్కారు భూమి!" అని బాలమల్లు నెత్తి పట్టుకున్నాడు. దాచిన ఎకరాల సంగతి గోడలు దాటింది. మరదళ్ళు వచ్చారు, వాళ్ళ వియ్యంకులు వచ్చారు, వాటా అడిగేవాళ్ళు, సాక్షి సంతకం పెట్టేవాళ్ళు వచ్చారు. దుర్గాబాయికి సంగతి ఎప్పుడో అర్థమైంది. కానీ వాకిలి నిండా చెప్పులు చూసి నోరు విప్పలేదు.

ఇంతమంది తన మాట వింటుంటే చలపతిరావు ఉత్సాహం ఆగలేదు. "రండి, చూపిస్తాను," అంటూ బెంజి బానెట్ ఎత్తాడు. "ఇవిగో, ఎనిమిది!"

అందరూ వంగి చూశారు. ఎకరాలు లేవు. ఇంజను ఉంది.

"కారా?" అన్నాడు జనార్ధన్. "గీ పాత కారు కోసం నన్ను పెండ్లి బువ్వ మీదికెల్లి లేపిండ్రా?" ఒక్కొక్కరు చెప్పులు వెతుక్కోసాగారు. చలపతిరావు కూడా టేపు చుట్టేశాడు. "వెడల్పులో మీదే గెలిచిందండి. మొత్తానికి తేలిపోయింది. సెలవు."

గేటు దాకా వెళ్ళిన వీపులన్నీ చూసి, దుర్గాబాయి ఖాళీ కుర్చీలతో అన్నట్టు మెల్లగా అంది, "ఎనకున్న రెండెకరాలు అమ్మనని నేనెప్పుడన్న?"

చెప్పులు ఆగాయి. "అమ్ముతవా పెద్దమ్మా?"

"ఏమో. ఆలోచన జేస్తున్న. ఒక్కనాటితోని తెగేదా? వచ్చుకుంట పోవుకుంట ఉండున్రి."

జనార్ధన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెనకే మరదళ్ళు. చలపతిరావు ఆమె ముఖం చూసి, చుట్టిన టేపు మళ్ళీ విప్పాడు. "ఇందాక వీళ్ళంతా టేపు తొక్కారండి. ఈ కొలత చెల్లదు. వచ్చే ఆదివారం మళ్ళీ మొదట్నుంచి."

ఆ సాయంత్రానికి దుర్గాబాయి ఇంట్లో చాయపత్తి నిండుకుంది.