ఆంబ్రోజ్ కుర్చీ తగలబెట్టిన ఉదయం

ఆ గురువారం ఉదయానికి ఆంబ్రోజ్ పెట్టుకున్న పనులు మూడే. పొలంలో చెత్త లేకుండా చేయడం, గడ్డం గీసుకోవడం, నోరు అదుపులో పెట్టుకోవడం. మూడోది అతనికి తేలిక. అరవై ఎనిమిదేళ్లలో అవసరానికి మించి మాట్లాడిన రోజు లేదు. అసలు చిక్కు దానివల్లే వచ్చింది.

మూడెకరాల పొలం అతని సొంతమే. అందులో చక్రాల మీది ఇళ్లు, నాలుగు ట్రెయిలర్లు, నిలబెట్టుకుని కాపురం ఉండాలంటే మాత్రం అనుమతి కావాలి. కౌన్సిల్ ఇవ్వనంది. అప్పీలు వేశారు. అది పోతే ఇరవై ఎనిమిది రోజుల్లో నాలుగు ట్రెయిలర్లూ రోడ్డెక్కాలి. జిప్సీకి రోడ్డు కొత్త కాదు. కానీ అతని భార్య మిజెల్లికి వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయాలి. ఇవాళ ఈ ఊరి పక్కన, రేపు ఆ ఊరి పక్కన పోలీసులు లేపుతూ ఉంటే ఆ మిషను వెంట రాదు.

అప్పటి చట్టం ఒక తీరుగా ఉండేది. తిరిగేవాడికే నిలవడానికి చోటిస్తారు. తిరగడం మానేశాడని తేలితే వాడు జిప్సీ కిందికి రాడు. బుధవారం ఊరి హాల్లో విచారణ మొదలైనప్పుడు కౌన్సిల్ ప్లానింగ్ ఆఫీసరు పైక్ లేచి రెండే మాటలు చెప్పాడు. ఒకటి, ఈ ముసలాయన తిరగడం మానేశాడు. రెండు, నాలుగు ట్రెయిలర్లకు ఒప్పుకుంటే నలభై దిగుతాయి. అప్పీలు తేల్చడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ మిసెస్ ఎల్వుడ్ ఆంబ్రోజ్ వైపు తిరిగింది.

"ఈమధ్య పని మీద ఎక్కడెక్కడికి వెళ్లారండీ?"

"అటూ ఇటూ."

"అంటే?"

ఆంబ్రోజ్ ఆలోచించాడు. "ఎక్కువగా అటే."

అతని లాయరు తల పట్టుకున్నాడు. చెట్లు కొట్టినా, గుర్రాన్ని అమ్మినా చేతిలో చెయ్యేసి బేరం ముగించే మనిషి దగ్గర కాగితం ఎక్కణ్నుంచి వస్తుంది? మిగతా విచారణ మర్నాడు పదకొండు గంటలకు పొలంలోనే జరుపుతానని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పి లేచింది.

బయటికొచ్చాక లాయరు వేళ్లు మడిచి చెప్పాడు. "బయట పడున్న చెత్తంతా తీసెయ్యండి. ఫోన్ ఆపెయ్యండి, ఇవాళ హాల్లో మూడుసార్లు మోగింది. ముఖ్యంగా జనం పోగవకూడదు. మీ నాలుగు ట్రెయిలర్లు తప్ప ఇంకో చక్రం కనపడకూడదు."

గురువారం ఏడింటికి కొడుకులు పనికి వెళ్లారు. కోడళ్లు పిల్లల్ని బడికి తీసుకెళ్లారు. వచ్చేవాళ్లకు టీతోపాటు ఏదైనా పెట్టాలని మిజెల్లి, కూతురు ట్రెనిట్ కేకు కొనడానికి టౌనుకు బయల్దేరారు. ఆంబ్రోజ్ ఫోన్ ఆపి జేబులో వేసుకున్నాడు. ట్రెయిలర్ వెనక ఎలుకలు కొరికిన పరుపు, కాలు విరిగిన తన కుర్చీ, నూనె మరకల పాత టోపీ, బీటలు వారిన కప్పులు, సాసర్లు ఉన్నాయి. అన్నీ గేటుకు దగ్గరగా కుప్పపోసి నిప్పు పెట్టాడు. కప్పులు మంటలో టప్ టప్ మని పేలాయి. పని సజావుగానే సాగుతోందనుకుని, పొలం అవతలి కొసన కంచె సరిచేయడానికి వెళ్లాడు.

మనిషిని పూడ్చి వచ్చాక అతని పరుపూ కుర్చీ కాల్చి, తాగిన కప్పులు పగలగొట్టడం జిప్సీల ఆనవాయితీ. బతికున్నవాడి కుర్చీ ఎవరూ కాల్చరు. ఇది ఆంబ్రోజ్‌కు తెలియక కాదు. ఆ పొద్దు అతని బుర్రలో ఇన్‌స్పెక్టరమ్మ తప్ప ఇంకెవరికీ చోటు లేదు.

ఏడున్నరకు ఆంబ్రోజ్ మేనల్లుడు లియాండర్ తారు లారీలో ఆ దారిన వెళ్తూ పొగ చూసి ఆగాడు. మంటలో మావయ్య కుర్చీ. దాని మీద మావయ్య టోపీ. పక్కన పగిలిన కప్పులు. ఫోన్ చేస్తే పలకలేదు. ఇలాంటివి కాలుతున్న చోటికి పిలవకుండా వెళ్లడం మర్యాద కాదు. టోపీ తీసి, గేటు దగ్గరే కళ్లు తుడుచుకుని తల్లికి ఫోన్ చేశాడు. ఆమె పేరు బ్రిటానియా. ఆంబ్రోజ్‌కు సొంత చెల్లెలు.

"అమ్మా, మావయ్య పోయాడే."

"ఎప్పుడురా?"

"ఎప్పుడో అయ్యుంటది. కుర్చీ కూడా కాల్చేస్తున్నారు."

అవతల ఏడుపు మొదలై అంతలోనే ఆగింది. "అంటే పూడ్చేశారా? తోడబుట్టినదాన్ని, నాకు చెప్పకుండా పూడ్చేశారా?"

ఏడుపు కంటే కోపానికి కాళ్లెక్కువ. ఎనిమిదింటికల్లా ఆ మాట నాలుగు జిల్లాలు దాటింది. ఎక్కడివాళ్లు అక్కడే పనిముట్లు వదిలి, నల్లబట్టలు తొడుక్కుని కదిలారు. దారిలో ఉన్నవాళ్లు ట్రెయిలర్లు తగిలించుకునే వచ్చారు.

పదిన్నరకు ఆంబ్రోజ్ కంచె ముగించి, ట్రెయిలర్లకు ఎడంగా కట్టిన స్నానాల గదిలో దూరాడు. నీళ్ల చప్పుడులో అతనికేమీ వినిపించలేదు. స్నానం చేసి, చొక్కా వేసుకుని, గడ్డం సగం గీశాక కుళాయి కట్టేస్తే బయట సంత హోరు. తలుపు సందులోంచి చూశాడు. పొలం నిండా బండ్లు. మనిషంత ఎత్తు పూలదండలు. గేటు దగ్గర ఫైలు పట్టుకుని ఇన్‌స్పెక్టరమ్మ. పక్కన వేలు చూపిస్తూ లెక్కపెడుతున్న పైక్.

"నలభై ఒకటి!" పైక్ ముఖం వెలిగిపోతోంది. "నేను నలభై అనే అన్నాను మేడమ్. ఒకటి తక్కువ చెప్పాను."

ఆంబ్రోజ్ గేటు అవతలి సందు వైపు చూశాడు. లాయరు ఎక్కడ? సందు దారంతా బండ్లే. లాయరు కారు వాటి వెనక ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. సబ్బు నురగతో బయటికి వెళ్లాలా, తుడుచుకుని వెళ్లాలా అని తేల్చుకునేలోపు ఇన్‌స్పెక్టరమ్మ గొంతు వినిపించింది.

"మీరంతా ఎందుకొచ్చారు?"

"ఎందుకేంటమ్మా, మా అన్న పోతే!" అంది బ్రిటానియా. "పూడ్చేశాక పొగ చూసి తెలుసుకునే గతి పట్టింది మాకు."

ఆంబ్రోజ్‌కు అప్పుడు కుర్చీ గుర్తొచ్చింది. గడియ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నిన్న హాల్లో చూసిన మనిషిని ఇంతలో ఎలా పూడ్చారో ఇన్‌స్పెక్టరమ్మకు అంతుపట్టలేదు. "ఆయన్ని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా.

అడగకూడని ప్రశ్న అది. పోయినవాడికి ఎవరు ఎక్కువ దగ్గరో తేల్చే ప్రశ్న. అందరూ ఒక్కసారే నోరు తెరిచారు.

"ఆగస్టులో నేను చూశాను. యార్క్ అవతల ఇద్దరం పదకొండు రోజులు చెట్లు కొట్టాం."

"ఆగస్టు ఒక లెక్కా? అక్టోబర్లో స్టో సంతలో నాకు గోధుమరంగు గుర్రాన్ని అమ్మాడు. కుంటిదని ముందే చెప్పి మరీ అమ్మాడు."

"ఒరే, నవంబర్లో నా బండి పక్కనే ఆయన బండి, డార్లింగ్టన్ దగ్గర. మూడు వారాలు ఇళ్ల పైకప్పులు బాగుచేసే పని. పందిమాంసం కూరిన పుడ్డింగు నా చేత్తో పెట్టాను, తెలుసా?"

ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగడం లేదు. "ఒక్కొక్కరు చెప్పండి. నవంబరులో ఏ తేదీ?"

"వీళ్లంతా బంధువులు మేడమ్," పైక్ అడ్డుపడ్డాడు. "ఆయనకు మేలు జరగాలని ఏదైనా చెప్తారు."

అప్పుడు గుంపులోంచి ఒక బొంగురు గొంతు లేచింది. ఆంబ్రోజ్ చిన్నాన్న కొడుకు గోలియత్‌ది. ఆంబ్రోజ్ అతనికి అమ్మిన ఒక గుడ్డి గుర్రం గురించి ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు.

"నాకేం అవసరమయ్యా వాడికి మేలు చెయ్యడానికి? బతికినన్నాళ్లూ మాట్లాడలేదు, చచ్చి కబురూ పెట్టలేదు. కానీ ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి. ఏటా జూన్లో ఆపిల్‌బీ గుర్రాల సంతకు రాకుండా ఉండలేదు. మొన్న జూన్లోనూ వచ్చాడు. వంతెన దగ్గర్నుంచి మూడో బండి వాడిది. చూడకూడదని నేను మొహం తిప్పుకునేవాణ్ని. ఎక్కడుంటాడో తెలిస్తేగా మొహం తిప్పుకునేది!" గోలియత్ బూడిద వైపు చూశాడు. "గుర్రం కన్ను సంగతి వాడికీ తెలీదేమో. అడిగుండాల్సింది."

తలుపు వెనక ఆంబ్రోజ్ చెంప మీద నురగ ఆరిపోతోంది. ఇరవై ఏళ్లలో గోలియత్ నోట తన గురించి మంచి మాట అదే మొదటిది. ఇంకో రెండు నిమిషాలు ఆగితే ఇంకొకటి రావచ్చుననిపించింది.

ఇంతలో పైక్ గొంతు సవరించుకున్నాడు. "సంతాపం తెలుపుకుంటున్నాను. కానీ మేడమ్, అప్పీలు ఆయన పేరు మీదే ఉంది. మనిషే లేకపోతే అప్పీలే లేదు. మిగతావాళ్లు ఖాళీ చెయ్యాల్సిందే."

ఆంబ్రోజ్ తలుపు తోసుకుని బయటికొచ్చాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా. చేతిలో కత్తి.

"ఉన్నాను," అన్నాడు.

లియాండర్ పూలదండ మీద పడ్డాడు. బ్రిటానియా కెవ్వుమని అరిచింది, వెంటనే దగ్గరికొచ్చి గిల్లి చూసి, రెండు తగిలించింది. "సిగ్గు లేదా అన్నా నీకు! నిజంగా చచ్చినా ఇంత ఏడవను మళ్లీ!"

గోలియత్ ఎర్రబడ్డాడు. "నూట ఇరవై మైళ్లు వచ్చాను. ఇందులో కూడా మోసమేనా?"

"గుర్రం కన్ను సంగతి నాకు తెలీదు," అన్నాడు ఆంబ్రోజ్.

గోలియత్ తాను తెచ్చిన పూలదండ కింద పెట్టాడు.

అప్పుడే మిజెల్లి గుంపును తోసుకుంటూ వచ్చింది. సందులో నలుగురు ఆమె చేతులు పట్టుకుని ఓదార్చారట. పొద్దున వదిలి వెళ్లిన మొగుడు పదకొండింటికల్లా పోయి, పూడ్చబడి కూడా ఉన్నాడని విని పరిగెత్తింది. మొగుణ్ని చూసింది. బూడిదను చూసింది. కేకు పెట్టె తీసి అతని ఛాతీకేసి కొట్టింది.

"బతికుండి సొంత కుర్చీ తగలబెట్టుకున్నవాడు మన కులంలో నువ్వొక్కడివేనయ్యా! నా ప్రాణం పోయింది కదా!"

ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు తెరిచి, "అప్పీలుదారు మీరేనా?" అని అడిగింది. ఆంబ్రోజ్ తలూపాడు. ఆవిడ రాసుకుంది.

"ఈ నలభై ఒకటి సంగతేంటి?" పైక్ వదల్లేదు. "వీళ్లిక కదలరు మేడమ్. నేనెరుగుదును."

"ఎవరూ చావని చోట మాకేం పనయ్యా?" అన్నాడు గోలియత్, అవమానం దిగమింగుకోలేక. ముందు తన బండే తిప్పాడు. ముప్పావుగంటలో పొలంలో నాలుగు ట్రెయిలర్లు, పచ్చగడ్డి మిగిలాయి. సందు ఖాళీ అయ్యాక లాయరు కారు వచ్చి ఆగింది. చెప్పడానికి అతనికేమీ మిగల్లేదు.

తొమ్మిది వారాలకు ఉత్తరం వచ్చింది. ట్రెనిట్ గట్టిగా చదివింది. అప్పీలుదారు పని కోసం ఏడాది పొడవునా తిరుగుతాడనడానికి సాక్ష్యం బలంగా ఉంది. పోయాడని నమ్మిన మనిషికి అనుమతి ఇప్పించడానికి ఎవరూ అబద్ధమాడరు, అందులోనూ ఆయనతో మాటల్లేనివాళ్లు. వచ్చిన బండ్లు వచ్చినట్టే వెళ్లడం స్వయంగా చూశాం. నాలుగు ట్రెయిలర్లకు అనుమతి ఇస్తున్నాం.

మిజెల్లి ఏప్రాన్‌తో కళ్లొత్తుకుంది. కొడుకులు ఈలలు వేశారు.

"ఆగండి, కింద ఒక షరతుంది," అంది ట్రెనిట్. "ఈ అనుమతి నాన్న పేరు మీదే. నాన్న ఇక్కడ ఉన్నంతకాలమే చెల్లుతుంది. ఆ తర్వాత మూడు నెలల్లో అందరం ఖాళీ చెయ్యాలి."

ఈలలు ఆగాయి. ఆరు జతల కళ్లు ఆంబ్రోజ్ మీదికి తిరిగాయి. అతను అప్పుడే నోట్లో సిగరెట్ పెట్టుకున్నాడు. మిజెల్లి లేచి వచ్చి దాన్ని తీసేసింది. మర్నాడు పళ్లెంలో బేకన్ లేదు. శనివారానికి నిచ్చెన మాయమైంది. చెట్లు లియాండర్ ఎక్కుతున్నాడు, ఆంబ్రోజ్ కింద నిలబడి కొమ్మలు చూపిస్తున్నాడు. ప్రతి ఆదివారం గోలియత్ ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాడు, "ఉన్నావా?"

ఉన్నానని చెప్పడం ఒక్క గురువారంతో తీరిపోయే పని అనుకున్నాడు ఆంబ్రోజ్.