‘వెన్నెల కొండ’ పుడ్డింగ్

మార్చి పద్నాలుగో తేదీ పొద్దున యసుహికో గారు ఎలాగైనా ఇంటికి పనికొచ్చే పని ఒకటి చేయాలనే నిశ్చయంతో నిద్రలేచారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయనకు ఇలాంటి కోరికలు పుట్టలేదు. పదవీ విరమణ అయ్యాకే వంటింటికి దారి కనిపించింది.

ఫిబ్రవరిలో ప్రేమికుల రోజున ఆడవాళ్లు చాక్లెట్ ఇస్తారు. సరిగ్గా నెల తిరిగేసరికి మగవాళ్లు దానికి బదులు ఇచ్చుకోవాలి. యసుహికో గారి తరఫున ఆ బదులును ఇన్నేళ్లూ ఆఫీసులో ఒక అమ్మాయి కొని, కాగితం చుట్టి, రిబ్బను కట్టి బల్ల మీద పెట్టేది. ఆయన ప్రేమంతా దాన్ని రైల్లో మరిచిపోకుండా ఇంటికి తేవడంలోనే ఉండేది. ఇప్పుడు ఆఫీసూ లేదు, ఆ అమ్మాయీ లేదు. పైగా ఈసారి భార్య నోబుకో ఇచ్చింది చాక్లెట్ కూడా కాదు. వైద్య పరీక్షల ఫలితం చూసి, బార్లీ గడ్డి పొడి పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. పొట్లం మీద నవ్వుతూ కొండ ఎక్కుతున్న ఒక ముసలాయన బొమ్మ ఉంది. ఆనాటి నుంచి యసుహికో గారు రోజూ ఒక గ్లాసుడు పచ్చటి నీళ్లు తాగుతున్నారు. ఇంతవరకు కొండా ఎక్కలేదు, నవ్వనూ లేదు.

అయినా మగవాడు బాకీ ఉంచుకోకూడదు కనుక, మాచా అనే పచ్చటి టీ పొడి వేసిన పుడ్డింగ్ స్వహస్తాలతో చేసి భార్యను ఆశ్చర్యపరచాలని పథకం వేశారు. ముహూర్తం మాత్రం ఆయన స్థాయికి తగ్గట్టుగానే కుదిరింది. ఆ మధ్యాహ్నమే నోబుకో టీ గదికి మురాసె గురువుగారు వస్తున్నారు. ఓజు ఊళ్లో, అతిథులకు పద్ధతి ప్రకారం టీ కలిపి ఇచ్చే టీ కళ నేర్చిన వాళ్లంతా ఆవిడ దగ్గర మోకాళ్లు అరగదీసుకున్న వాళ్లే. ఎనభై దాటిన ఆవిడ, తన తరవాత తన పాఠశాలను నోబుకోకి అప్పగించాలా, మత్సుయామాలో ఉన్న ఇంకో శిష్యురాలికి అప్పగించాలా అన్నది ఇవాళ్టి టీ చూసి తేలుస్తానన్నారు. నోబుకో ఈ రోజు కోసం సగం జీవితం ఎదురుచూసింది.

"ఏవండీ, ఇవాళ గురువుగారు వస్తున్నారు. గుర్తుంది కదా?" అంది నోబుకో, ముఖానికి మాస్కు సర్దుకుంటూ.

"గుర్తుంది. నేను వంటింట్లోంచి బయటికి రాను."

"నా భయం కూడా అదే," అని వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది.

కొండల మీద దేవదారు చెట్లు పుప్పొడి రాలుస్తున్న రోజులవి. ఊరంతా ముక్కులు చీదుకుంటోంది గానీ, నోబుకో ముక్కు పూర్తిగా సెలవు పెట్టింది. కర్పూరం వెలిగించినా, చెప్పులు తగలబెట్టినా ఆవిడకు ఒకటే.

ఆవిడ టీ గదిలో పువ్వు అమర్చడానికి వెళ్లగానే యసుహికో గారు ఫోన్లో వీడియో పెట్టుకుని పని మొదలెట్టారు. అలమరలో ఉన్న మాచా డబ్బా తీశారు. పాలు, గుడ్లు, చక్కెర, పొడి అన్నీ కలిపి కప్పుల్లో పోసి, బాణలిలో నీళ్లు పెట్టి అందులో కప్పులు దించారు. వీడియోలో అమ్మాయి "సన్నని సెగ" అని ఎన్నిసార్లు చెప్పిందో. ఒక విభాగానికి అధిపతిగా పనిచేసిన మనిషి సన్నని సెగ మీద ఎంతసేపని నిలబడతాడు? మంట పెంచారు. మూత తీస్తే పుడ్డింగ్ నిండా చిల్లులు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు గానీ, ఇది గిన్నెలు తోముకునే స్పాంజి అయింది. సాక్ష్యం మిగలకూడదని కప్పులన్నీ నిలబడే తినేశారు.

రెండోసారికి అలమర డబ్బాలో పొడి లేదు. ఫ్రిజ్ వెతికితే పై అరలో, వెనకగా, సీలు కూడా తీయని చిన్న డబ్బా ఒకటి కనిపించింది. ఆఫీసు అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. ఆఫీసులో మంచి సరుకు అద్దాల బీరువాలో ఉండేది, ఎవరూ పట్టించుకోనిది ఫ్రిజ్‌లో వెనక్కి పోయేది. కాబట్టి ఇది ఎవరికీ అక్కర్లేని పొడి అని తేల్చి, రంగు నిండుగా రావాలని డబ్బా మొత్తం దులిపేశారు. ఈసారి సెగ సన్నగా ఉంచారు. పుడ్డింగ్ అద్దంలా వచ్చింది. కప్పులు ఫ్రిజ్‌లో పెట్టి, తన ముఖం ఒకసారి గరిటె వెనక చూసుకున్నారు.

అంతలో నోబుకో కళ్లు తుడుచుకుంటూ వచ్చి, అరచేతిలో పట్టే పింగాణీ భరిణ ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఒక్క సాయం చేయండి. ఫ్రిజ్ పై అరలో చిన్న డబ్బా ఉంది, అందులో టీ జల్లించి దీంట్లో పోయండి. నేను జల్లిస్తే ఒక్క తుమ్ముకి అంతా గాల్లో కలుస్తుంది."

"ఏ డబ్బా?" అన్నారు యసుహికో గారు.

"అక్కడున్నది ఒక్కటేగా. ‘వెన్నెల కొండ’. గురువుగారి కోసమని మన టీ దుకాణం కియొమి గారు నెల ముందు నుంచి చెప్పి తెప్పించారు. ఏం, అలా నిలబడిపోయారు?"

అప్పుడే నిజం చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. చెప్పాలనే నోరు తెరిచారు కూడా.

"ఇవాళ మీరు ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే చాలండీ. మీరు ఇంట్లో ఉన్నందుకు మొదటిసారి నిశ్చింతగా ఉంటాను," అంది నోబుకో.

తెరిచిన నోరు మూసుకుంది. ఇంట్లో మిగిలిన టీ ఏదైనా ఉందా అంటే, సమావేశం చివర్లో ఇచ్చే పల్చటి టీకి ఉంచిన పొడి ఒక్కటే. అదీ పొద్దున్నే లక్క డబ్బీలోకి ఎక్కి, టీ గదిలో నోబుకో కళ్లెదుట కూర్చుంది.

యసుహికో గారు సైకిలెక్కి కియొమి గారి దుకాణానికి పరుగెత్తారు. ఊరికి ఉన్న టీ దుకాణం అదొక్కటే. తలుపు మూసి ఉంది. "టీ సమావేశానికి వెళ్తున్నందున ఇవాళ సెలవు" అని అందమైన కుంచె రాతలో కాగితం అంటించారు. ఆ సమావేశం ఎవరింట్లోనో ఆయనకు కాస్త ఆలస్యంగా వెలిగింది. సూపర్ మార్కెట్‌లో దొరికింది చక్కెరా పాలపొడీ కలిపేసిన పొట్లం. దాన్ని గురువుగారికి ఇవ్వడం కంటే నదిలో దూకడం మర్యాద.

ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పుల జతలు వరసగా ఉన్నాయి. వంటింట్లో బల్ల మీద ఖాళీ భరిణ. దాని పక్కన పొట్లం మీద ముసలాయన, నవ్వుతూ, కొండ ఎక్కుతూ. రంగు పచ్చనే. పొడి పొడే. మునిగిపోయే వాడికి గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాడు, ఈయనకు ఏకంగా గడ్డి పొట్లమే దొరికింది. శ్రద్ధగా జల్లించి, భరిణ నింపి, పట్టు సంచీ తొడిగి ఇచ్చేశారు.

తరవాత పక్కగదిలో మోకాళ్ల మీద కూర్చుని, తలుపు సందుకు కన్ను ఆనించారు. టీ గదిలో ముగ్గురు అతిథులు. ముందు మురాసె గురువుగారు, పక్కన నోబుకో శిష్యురాళ్లు ఇద్దరు: దుకాణం కియొమి గారు, చివర్లో బ్యాంకులో పనిచేసే అయానో. నోబుకో భరిణ వంచి పొడి గిన్నెలోకి వేసింది, వేడినీళ్లు పోసింది, వెదురు కవ్వంతో కలిపింది. ఆ చేతుల్లో ఎంత నెమ్మది ఉందంటే, లోపల ఉన్నది పశువుల మేతకు తమ్ముడని గిన్నెకు కూడా తెలిసి ఉండదు.

చిక్కటి టీకి ఒక పద్ధతి ఉంది. గిన్నె ఒక్కటే. వరసగా అందరూ మూడేసి గుక్కలు తాగాలి. ఆఖరి మనిషి అడుగంటా తాగాలి. చేసిన మనిషి మాత్రం తాగదు. యసుహికో గారి ప్రాణం ఈ చివరి నియమాన్ని పట్టుకుని వేలాడుతోంది.

గురువుగారు గిన్నె తిప్పి ఒక గుక్క తాగారు. కనుబొమలు కదల్లేదు.

"రుచి ఎలా కుదిరింది?" అని పద్ధతి ప్రకారం అడిగింది నోబుకో.

"చాలా బాగా కుదిరింది," అని పద్ధతి ప్రకారం చెప్పారు గురువుగారు. మిగతా రెండు గుక్కలూ తాగి గిన్నె అంచు తుడిచి పక్కకు జరిపారు. "టీ పేరు?"

"‘వెన్నెల కొండ’ అంటారండి."

"ఎక్కడిది?"

"మన కియొమి గారి దుకాణం నుంచే తెప్పించానండి."

సరిగ్గా ఆ క్షణానికి కియొమి గారి నోట్లో మొదటి గుక్క ఉంది. తరతరాలుగా టీ అమ్ముకుని బతికిన వంశం ఆవిడది. మింగితే వంశానికి అవమానం, ఉమ్మితే గురువుగారికి అవమానం. ఆవిడ మింగింది. రెండోదీ మింగింది, మూడోదీ మింగింది. కంట్లో నీరు తిరిగింది, దానికి నెపంగా పుప్పొడి ఉండనే ఉంది. నేలకు నుదురు ఆనించి, "మా భాగ్యం," అంది.

పెద్దవాళ్లిద్దరూ మెచ్చుకున్నాక, బ్యాంకు అమ్మాయికి వేరే అభిప్రాయం ఉండటానికి వీల్లేదు. గిన్నె అందుకుని లోపలికి చూసింది. గడ్డి అడుక్కి దిగి బురదలా పేరుకుంది. ఆఖరి అతిథి కనుక అదంతా ఆమె వంతే. కళ్లు మూసుకుని, చివరి చుక్క దాకా తాగి, "ఎప్పటికీ మరిచిపోలేని రుచి," అంది. ఆ పూట ఆ గదిలో వినిపించిన ఒకే ఒక్క నిజం అదే.

పల్చటి టీ కూడా అయ్యాక శిష్యురాళ్లు వెళ్లిపోయారు. గండం గడిచిందని యసుహికో గారు ఊపిరి పీల్చుకున్నారు. గురువుగారు మాత్రం కదల్లేదు. టాక్సీ వచ్చేదాకా అంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నోబుకో ఎదురుగా నిలబడింది, తీర్పు కోసం.

తీర్పు వచ్చేలోపే వాకిట్లో అలికిడైంది. కియొమి గారు తిరిగొచ్చింది. దుకాణం దాకా వెళ్లి, పరిహారంగా ఇంకో పెద్ద డబ్బా పట్టుగుడ్డలో కట్టుకుని, ఆయాసపడుతూ వచ్చి వంటింటి గడపలోనే మోకాళ్ల మీద కూలబడింది.

"నోబుకో గారూ, నన్ను క్షమించండి. మా టీ పాడైపోయింది. ఎలా పాడైందో నాకు తెలీదు. మీకు జీవితంలో ఇంత ముఖ్యమైన రోజున చెత్త అమ్మాను. ఉన్నదంతా అరల్లోంచి తీసేశాను. రేపటి నుంచి దుకాణం తెరవాలా వద్దా అని మా ఆయనతో మాట్లాడతాను."

"పాడవడమేంటి?" అంది నోబుకో. ముఖం తెల్లబోయింది. "గురువుగారు బాగుందన్నారుగా."

యసుహికో గారు ఒక మూల తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే తప్పించుకోవచ్చు. కానీ నేల మీద వణుకుతున్న ఆ వీపు చూస్తే ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఆయనా మోకాళ్ల మీద కూర్చున్నారు. కియొమి గారి కంటే కిందికి వంగారు. అది చూసి ఆవిడ మర్యాద కొద్దీ ఇంకా కిందికి వంగింది. ఈయన మళ్లీ వంగేసరికి నుదురు నేలకు తగిలింది, అంతకు మించి దారి లేదు.

"మీ టీకి ఏమీ కాలేదండీ. మీరంతా తాగింది నా బార్లీ గడ్డి పొడి."

"మరి ‘వెన్నెల కొండ’?" అంది నోబుకో, చాలా నెమ్మదిగా.

"పుడ్డింగ్‌లో ఉంది. నీకోసమే. పద్నాలుగో తేదీ కదా."

నోబుకో టీ గదిలోంచి గిన్నె తెచ్చి, అడుగున మిగిలిన తడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ముక్కు పనిచేయకపోయినా నాలుకకు ఇసుకలాంటి గరుకు తగలక మానదు. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారాయి. ఈసారి పుప్పొడి వల్ల కాదని యసుహికో గారికి తెలుసు. తనను తిట్టినా బాగుండునని మొదటిసారి అనిపించింది.

"ఆ పుడ్డింగ్ ఏదీ?" అన్నారు గురువుగారు.

కప్పు వచ్చింది. చెంచా వచ్చింది. ఆవిడ కప్పును అరచేతిలో పెట్టుకుని, పద్ధతి ప్రకారం తిప్పి, మూడు చెంచాలు తిన్నారు.

"ఇలాంటి టీని గుడ్డులో, పాలలో కలపడం పాపం," అన్నారు. ఇంకో చెంచా తిన్నారు. "ఘోరమైన పాపం. ఇంకోటి ఉందా?"

రెండో కప్పు ఖాళీ చేశాక పెదవులు తుడుచుకుని నోబుకో వైపు తిరిగారు.

"మొదటి గుక్కకే తెలిసిందమ్మా నాకు. మా ఇంట్లోనూ కోడలు రోజూ పొద్దున్నే ఇదే తాగిస్తుంది. మంచి టీ ఇస్తే బాగుందనడానికి శిష్యులక్కర్లేదు, దారిన పోయేవాళ్లు చాలు. గడ్డి తాగించినా ముఖం మార్చకుండా, గిన్నె తుడిచి పక్కవాళ్లకు అందించేలా నేర్పావే, దానికి గురువు కావాలి. ఆ బ్యాంకు పిల్ల అడుగంటా తాగింది చూశావా? మత్సుయామా ఆవిడ శిష్యులైతే రెండో గుక్కకే దగ్గేవాళ్లు. వచ్చే నెల నుంచి పాఠశాల నువ్వు చూసుకో."

నోబుకో నేల మీద వంగి, ఎంతసేపటికీ తల ఎత్తలేదు. కియొమి గారు ఇప్పుడు ధైర్యంగా ఏడ్చింది.

అందరూ వెళ్లాక భార్యాభర్తలు బల్ల దగ్గర కూర్చున్నారు. ఒక్క కప్పు మిగిలింది. యసుహికో గారు దాన్ని రెండు చేతులతో ముందుకు జరిపారు. నోబుకో ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది," అంది. "ముక్కు పనిచేయట్లేదుగా, ఇంకేం తెలియట్లేదు."

మర్నాడు పొద్దున ఆవిడ గ్లాసు తీయలేదు. ఇంట్లోకెల్లా మంచి గిన్నెలో బార్లీ గడ్డి పొడి మామూలుకు మూడింతలు వేసి, వెదురు కవ్వంతో చిక్కగా కలిపి, భర్త ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. యసుహికో గారు గిన్నె తిప్పి, ఒక గుక్క తాగి, కనుబొమలు కదలనివ్వకుండా అడిగారు.

"టీ పేరు?"

"‘వెన్నెల కొండ’."

"చాలా బాగా కుదిరింది," అని మూడు గుక్కలూ పూర్తిచేసి, అంచు తుడిచి, గిన్నె పక్కకు జరపబోయారు. అతిథి ఒక్కడే అయినప్పుడు ఆఖరి అతిథీ అతనేనని నోబుకో గుర్తుచేసింది.