స్టోర్ రూములో బాబాయిలు

ఏప్రిల్ మూడో వారంలో కాలేజీ కెమిస్ట్రీ స్టోర్ రూములో బాబాయిల పంపిణీ మొదలైంది. బ్యూరెట్లు, పిపెట్లు ఉండే బీరువాల పక్కన వాళ్ళని వరసగా నిలబెట్టి, ఐడీ కార్డు జమ చేసుకుని, విద్యార్థికి ఒకరు చొప్పున ఇచ్చారు. సెలవులయ్యాక ఎలా తీసుకెళ్ళారో అలాగే తెచ్చి అప్పగించాలి. బాబాయికి సొట్ట పడినా, మాట పోయినా బ్రేకేజీ కట్టాలి.

ఇందులో వింతేమీ లేదు. కాకినాడలో వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ఏ గేటు దగ్గర నిలబడినా ముందు అడిగేది "ఎవరి తాలూకు?" అనే. ఫలానా వారి తాలూకు అని చెప్పుకోవడానికి కొందరికి ఇంటినిండా మనుషులుంటారు, కొందరికి ఒక్కరూ ఉండరు. లేనివాళ్ళకి అన్యాయం జరగకూడదని కాలేజీవారే బాబాయిల్ని తెప్పించారు. ఉద్దేశం బంగారం లాంటిదే. కాకపోతే ఇంట్లో బాబాయిలున్న పిల్లలే పొద్దున్నే వచ్చి, నూనె మిల్లుల్లో, మందుల కంపెనీల్లో మాట చెల్లేవాళ్ళని ఏరుకుపోయారు.

బీఎస్సీ రెండో ఏడాది చదివే సత్యవేణి వంతు వచ్చేసరికి బాబాయిలు అయిపోయారు. ఒక పెదనాన్న ఉన్నారు గాని, రిటైరయ్యాక ఆయన ఫోను ఎవరూ ఎత్తడం లేదని స్టోర్ కీపరు ప్రకాశరావు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. సత్యవేణి వద్దని వచ్చేసింది.

ఆమె నాన్న సూరిబాబుది జగన్నాథపురంలో ఇస్త్రీ బండి. ఊళ్ళో పెద్దమనుషుల చొక్కాలన్నీ ఆయన చేతిమీదుగా వెళ్ళేవే. చొక్కాలు తెలుసు గాని మనుషులు తెలియరు. కూతురు ఒట్టి చేతులతో వచ్చిందని విని, తప్పంతా తనదే అన్నట్టు ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

సత్యవేణి సొంతంగా వెతుక్కుందామనుకుంది. వెతుక్కోకూడదని రూలేమీ లేదు, ఎవరికీ తట్టలేదంతే. తనకేం వచ్చో కాగితం మీద రాసుకుంది: టైట్రేషన్, పీహెచ్ చూడటం, తప్పు చేస్తే ఒప్పుకోవడం. ఎండనపడి వాకలపూడి వైపు ల్యాబులన్నీ తిరిగింది. ఎవరి తాలూకో చెప్పలేకపోవడంతో వాచ్‌మన్లకి ఆమె కనిపించలేదు. ఒకాయనైతే ఆమె భుజానికి గొడుగు తగిలించి టీకి వెళ్ళాడు. గొడుగు ఎవరైనా పట్టుకుపోతారేమోనని ఆయన వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది.

చివరికి రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబు ఒకటి దొరికింది. దానికి వాచ్‌మన్ లేడు. దాన్ని నడిపే మేరీ రత్నం గారు కాగితం చదివి, నీళ్ళ సీసా ఒకటి చేతికిచ్చి పరీక్ష చేసి చూపించమన్నారు. మొదటిసారి రంగు మరీ ముదిరిందని సత్యవేణి తనంతట తనే చెప్పి, మళ్ళీ చేసింది. రేపట్నుంచి రమ్మన్నారావిడ. ఆ సంతోషంతో బస్సు కూడా ఎక్కకుండా ఇంటిదాకా నడిచింది.

ఎవరిప్పించారని నాన్న అడిగాడు. ఎవరూ ఇప్పించలేదని ఆమె అంది. సూరిబాబు నవ్వి, చెప్పకపోతే మానె, ఆ మహానుభావుణ్ణి ఒకసారి ఇంటికి పిలవమన్నాడు.

మే నెలంతా ఆమె మనసుపెట్టి పనిచేసింది. ఒక చెరువులో అమోనియా పెరుగుతోందని వేళకి కనిపెట్టడంతో ఆ రైతు రొయ్యలు బతికాయి. మేరీ రత్నం గారు ఆ సంగతి కూడా సర్టిఫికెట్‌లో రాసి సంతకం పెట్టారు.

కాలేజీ దాన్ని తీసుకోలేదు. బాబాయిని తిరిగి అప్పగిస్తేనే ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు లెక్క. తీసుకోని మనిషిని ఎలా అప్పగించనని సత్యవేణి అడిగింది. ప్రకాశరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. కాని అప్పగించకపోతే ఏడాది పోతుంది. ఆయన అప్పుడే వాపసు వచ్చిన బాబాయిని ఒకణ్ణి గుడ్డతో తుడిచి ఇచ్చి, ఒక పూట ఇంటికి తీసుకెళ్ళి, పెద్దవాళ్ళ చేత కృతజ్ఞతలు చెప్పించి తీసుకురమ్మన్నారు. అదీ రూలే.

సూరిబాబు బండి దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. బాబాయి చొక్కా విప్పించి, దగ్గరుండి ఇస్త్రీ చేసి, తన చేతులతో తొడిగి, దణ్ణం పెట్టాడు.

"నాకెవరూ తెలీదండి. నా బిడ్డ నా మూలాన్న ఎనకపడిపోద్దని దిగులండి. మీరు దేవుళ్ళా వచ్చారు."

"దానిదేముందండీ, ఒక్క ఫోను కొట్టానంతే" అన్నాడు బాబాయి. అబద్ధమాడుతున్నట్టు లేదు. ఫోను చేసిన రోజు వాన తుంపర పడిందని కూడా గుర్తు చేసుకున్నాడు.

సత్యవేణికి ఏడుపొచ్చింది. ఆ ఎండలో తను కాళ్ళరిగేలా తిరిగినదంతా కళ్ళముందే ఇంకొకరిదైపోతోంది. "నాన్నా, నేనే ఎల్లి అడిగాను. నా పని చూసే ఇచ్చారావిడ" అంది.

సూరిబాబు కూతురి తల నిమిరాడు. "ఒక్కదానివే ఎల్లి అడిగితే ఎవరిత్తారమ్మా?"

కోపంగా అడగలేదు, జాలిగా అడిగాడు. మనకీ ఒక మనిషి ఉన్నాడన్న నిశ్చింత ఆయన మొహంలో ఆమె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూస్తోంది. దాన్ని లాక్కోవడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇంకా బాధేమిటంటే, ఆ ప్రశ్న విన్నకొద్దీ అందులో న్యాయం ఉన్నట్టే తోచింది. నిజమే, ఎవరిస్తారు? ల్యాబు తలుపు తోసింది తనేనా అన్నది కూడా ఇప్పుడంత గట్టిగా చెప్పలేకపోయింది.

"ఎవరూ ఇవ్వరు నాన్నా" అంది సత్యవేణి.

బాబాయి తలూపి, సూరిబాబు అందించిన మామిడిపళ్ళ సంచి పుచ్చుకున్నాడు.