తగువు లేనివాళ్ళకి పాలసీ లేదు

మొగుడూ పెళ్ళాం మర్యాదగా విడిపోవడాన్ని ఈ దేశంలో చట్టరీత్యా నిషేధించాలి! అరుచుకోకుండా, కొట్టుకోకుండా, పిల్లని నువ్వుంచుకో అంటే నువ్వుంచుకో అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోతే కోర్టులేమైపోవాలి? ప్లీడర్లేం తినాలి? ఈ అరాచకానికి అడ్డుకట్ట వేస్తున్న మహానుభావులు ఇన్సూరెన్సు వాళ్ళొక్కరే. నమ్మరా? అయితే గుడివాడలో చీరల షాపులో పనిచేసే రత్నం సంగతి వినండి.

రత్నానిది నాగాయలంక అవతల చేపల పల్లె. మొగుడు బాలస్వామి సముద్రం మీద వేటకెళ్తాడు. ఇద్దరికీ పొసగలేదు. కులపెద్ద పోలయ్య నలుగుర్నీ కూర్చోబెట్టి విడదీశాడు. కూతురు నాగశ్రీ నాయనమ్మ దగ్గర పెరిగింది. ఆ ముసలమ్మ పోయాక పోలయ్య మళ్ళీ కూర్చుని, ఆడపిల్ల తల్లి దగ్గరుండాలన్నాడు. బాలస్వామి తలూపాడు. తాంబూలాలు పుచ్చుకున్నారు. పిల్ల బట్టల సంచీతో గుడివాడ బస్సెక్కింది. చూశారా, ఎంత బాధ్యత లేని మనుషులో!

పైగా శనివారం శనివారం బాలస్వామి పండుగప్పో మాగో, ఏదో ఒక చేప పట్టుకుని గుడివాడ వచ్చేవాడు. వీధి మొగలోంచే "నాగూ" అని కేకేసేవాడు. వీధంతా వినేది గానీ నాగశ్రీకి వినపడేది కాదు. పిల్లకి రెండు చెవుల్లోనూ చీము. ఈ ఏడు ఒక చెవికీ, వచ్చే ఏడు రెండోదానికీ ఆపరేషన్ చెయ్యాలనీ, ఆలస్యమైతే వినికిడి పోతుందనీ డాక్టరు చెప్పాడు.

షాపు యజమాని పనివాళ్ళందరికీ గ్రూపు పాలసీ తీశాడు. పిల్లలకీ వర్తిస్తుంది. రత్నం సంబరంగా కూతుర్ని వెంటబెట్టుకుని ఏజెంటు వెంకటపతి గారి దగ్గరకెళ్ళింది.

"పాప మీ దగ్గరే ఉంటుందని రుజువేదమ్మా?"

"ఇదుగో, ఎదురుగా ఉందిగా అండీ."

"ఎదురుగా ఉంటే చాలదమ్మా. రేషన్ కార్డులో తండ్రి దగ్గరుంది. కస్టడీ మారినట్టు కోర్టు కాగితం కావాలి."

రత్నం పోలయ్యని పిలిపించింది. ఆయన తలపాగా సర్దుకుని, "నేనే ఇప్పించానండీ పిల్లని. నేను చెప్తున్నాను గదా" అన్నాడు. "మీరెవరండీ?" అన్నారు ఏజెంటు గారు. నాగాయలంక నుంచి హంసలదీవి దాకా పోలయ్యని ఆ మాట అడిగినవాడు అంతవరకూ పుట్టలేదు. "పెద్దమనుషుల మాట చెల్లదండీ. ముద్ర ఉన్న కాగితంలో ఉంటేనే నిజం" అని ఏజెంటు గారు ఓపిగ్గా బోధించారు. పోలయ్య ఆ పాఠం శ్రద్ధగా విన్నాడు.

రత్నం బందరు వెళ్ళి ప్లీడరు గారిని పట్టుకుంది.

"ఆయన పెట్టే బాధలేంటో చెప్పమ్మా."

"బాధలేం లేవండీ. శనివారం శనివారం చేప తెస్తాడు."

ప్లీడరు గారు కలం మూసేశారు. "చేపలు తెచ్చే మొగుడి మీద ఆర్డరు రాదమ్మా."

"ఇద్దరం ఒప్పుకున్నా రాదాండీ?"

"వస్తుంది. వేట మానుకుని ప్రతి వాయిదాకీ ఆయన తిరగాలి. ఆర్డరొచ్చేసరికి పాప పెళ్ళీడుకొస్తుంది. చెడ్డవాడని రాసి, ఆయన రాకుండా కూర్చుంటే చకచకా అయిపోద్ది."

ఆ శనివారం రత్నం సంగతంతా చెప్పింది. బాలస్వామి చేప తోముతూ, "నీకెట్టా కావాలంటే అట్టా రాయించుకో రత్నం. పాప చెవి బాగవ్వాలి గదా" అన్నాడు. అసలు తగువన్నదే లేని చోట తగువు పుట్టించి, దాన్నే తీర్చి పెట్టే ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

పిటిషన్‌కి పెద్దగా బుర్ర ఖర్చు కాలేదు. ప్లీడరు గారి గుమాస్తా దగ్గర మొగుళ్ళందరికీ కలిపి ఒకటే మూస ఉంది. తాగుడు, జూదం, తన్నులు, పసిపిల్లకి అన్నం పెట్టకపోవడం. బాలస్వామికి సారా వాసన తగిలితేనే వాంతొస్తుంది. "ఇవన్నీ అబద్ధాలు కదండీ" అంది రత్నం. "అబద్ధాలు కాదమ్మా, ఫార్మాలిటీ" అన్నాడు గుమాస్తా. ఆవిడ కూతురి చెవి తలుచుకుని సంతకం పెట్టింది.

కోర్టు అమీను నోటీసు పట్టుకుని పల్లెకి వెళ్ళేసరికి బాలస్వామి వేటలో ఉన్నాడు. అమీను కాగితాలన్నీ తలుపుకి అంటించి వెళ్ళిపోయాడు. ఆ పల్లెలో తలుపు మీది కాగితం అందరిదీ. టీ కొట్టు దగ్గర రోజూ పేపరు చదివిపెట్టే మాస్టారు ఆ ఇంగ్లీషునంతా తెలుగులో విడమరిచి మరీ చెప్పారు. పడవ ఒడ్డుకి చేరేలోగా ఊరంతా పూర్తిగా విద్యావంతమైంది.

పోలయ్య పంచాయతీ పెట్టాడు. "ఏరా, పసిదానికి అన్నం పెట్టలేదంటరా?"

"అది పాలసీ కోసం రాసింది మావయ్యా. నీకు తెలుసు గదా."

"నాకేం తెలుసురా? నా మాటే చెల్లదంట గదా. ముద్రున్న కాగితంలో ఉంటే నిజమంట."

పంచాయతీ తప్పు కింద జరిమానా వేసింది, బాలస్వామి కట్టాడు. తాగుబోతుని పడవెక్కించుకోం అని జతగాళ్ళన్నారు, ఎక్కడో దూరాన ఇంకో రేవులో పడవ వెతుక్కున్నాడు. ఇంతమంది ఇంత క్రమశిక్షణగా నడుచుకోవడం మనదేశంలో ఎన్నిసార్లు చూస్తాం?

ఆర్డరొచ్చింది. పాలసీ వచ్చింది. ఒక చెవికి ఆపరేషన్ అయింది. నాగశ్రీకి ఇప్పుడు పక్కింటి మిక్సీ వినపడుతుంది, వీధి చివర ఐస్‌ఫ్రూట్ బండి గంట వినపడుతుంది. శనివారం పొద్దున్నే ఆ పిల్ల గుమ్మంలో చెవొగ్గి కూర్చుంటుంది. ఏ చేపా రావడం లేదు.

పల్లెలో జరిగిందంతా రత్నం చెవిన పడింది. ఓ రోజు మళ్ళీ ఏజెంటు గారి దగ్గరకెళ్ళింది.

"ఏవండీ, ఆ కాగితంలో రాసినవన్నీ అబద్ధమని ముద్ర వేసి ఇంకో కాగితం ఇప్పిస్తారా? తీసుకెళ్ళి ఆ పల్లెలో తలుపుకి అంటిస్తాను."

వెంకటపతి గారు కంగారుపడ్డారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"అంత పని చెయ్యకమ్మా. ఆ కాగితం అబద్ధమైతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే పాలసీ పోతుంది. పాపకి ఇంకో చెవి ఉందా లేదా? ఆయన్ని అలా తాగుబోతుగానే ఉండనివ్వు."