కంచెకవతలి ఆకు

ఆ గురువారం ఉదయం విజయశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త బలరాం ఆఫీసుకి వెళ్ళగానే బియ్యం కడిగిన నీళ్ళు గోంగూర మడికి పోయాలి. పండుటాకులు ఏరేయాలి. కరెంటు ఉండగానే పప్పు రుబ్బుకోవాలి. మర్నాడు అమ్మవారి సంబరం. పొద్దున్నే గుడి కమిటీవాళ్ళు మడి చూడడానికి వస్తారు.

బర్మాలో తాకేటా పేటలోని తెలుగువాళ్ళ అమ్మవారికి సంబరం నాడు గోంగూర పులుసే ముఖ్యమైన నైవేద్యం. ఆ గోంగూర బజారులో కొన్నది కాకూడదు, భక్తుల పెరట్లో పెరిగినదై ఉండాలి. అమ్మవారికని మొక్కుకున్న మడి చుట్టూ పసుపు దారం కడతారు. దారం కట్టాక నైవేద్యం అయ్యేదాకా అందులో ఒక్క ఆకు కూడా ఎవరి నాలుకకీ తగలకూడదు. తగిలితే మడి మొత్తం ఎంగిలి. బలరాం తాతగారు రేవులో బస్తాలు మోసిన రోజుల నుంచీ ఆ దారం ఈ ఇంటి మడికే కడుతున్నారు. అత్తగారు పోతూ కోడలికి అప్పగించినవాటిలో బీరువా తాళాల కన్నా పెద్దది ఈ మడే. సంబరం నాడు మైకులో "ఈ యేటి కూర బలరాంగారి పెరటిది" అని చెప్పినప్పుడు విజయశ్రీ తల వంచుకుని కూర్చునేది. ఎంత వంచితే బాగుంటుందో ఆమె ఇంట్లో అద్దం ముందు చూసుకునే వెళ్ళేది.

ఈ ఏడు మాత్రం దారం రెండు ఇళ్ళలో కట్టారు. రెండో ఇల్లు పక్కింటి తారది. రెండు మడులూ చూసి, ఏ కూర అమ్మవారి కుండలోకి వెళ్ళాలో శుక్రవారం తేలుస్తామన్నారు.

తార, శంకర్ దంపతులు ఊరి నడుమ లమ్మడాలో అద్దె ఫ్లాటు ఖాళీ చేసి ఈ వీధిలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. గంజాం వైపు వాళ్ళు. తార చెడ్డ మనిషి కాదు. విజయశ్రీకి అదే పెద్ద ఇబ్బంది. తార ఆరబెట్టిన వడియాలు వాన రాకముందే ఎండిపోయేవి. తార పాదు పెట్టిన బీర కంచె ఎక్కి ఇటువైపు కూడా కాసేది. ఆ కాయలు కోసుకోమని తారే చెప్పేది. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ఓపిక కావాలి. విజయశ్రీ ఆ ఓపిక పట్టింది.

ఆ ఉదయం వెదురు కంచె మీదుగా చూస్తే తార గోంగూర మనిషెత్తు ఉంది. విజయశ్రీ మడిలోది ఇక్కడి రకం, బర్మావాళ్ళు చింబౌ అని పిలిచేది. కాడ ఎర్రగా, ఆకు కప్ప పాదంలా వెడల్పుగా ఉంటుంది. తార ఆకులు మాత్రం చేతి వేళ్ళలా విడివిడిగా, సన్నగా, అంచులకి రంపపు పళ్ళతో గాలికి ఊగుతున్నాయి.

"ఏటి వొదినా, అలా సూస్తన్నావు?" తార చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏం లేదే. ఆకులు చీలికలు పీలికలుగా ఉన్నాయి, తెగులేమోనని."

"తెగులు నేదు, ఏటీ నేదు. మా వోళ్ళ గోంగూర ఇలాగే ఉంటాది. బరంపురం నుండి మా మేనత్త గింజలు తెచ్చింది కదా."

"నాకు నాలుగు గింజలు ఇస్తానన్నావు."

"దాచినాను వొదినా. ఎలకలు తినేసినాయి."

ఎలుకలు నిజంగానే తిన్నాయి. కానీ విజయశ్రీ ఇంట్లోకి వచ్చేసరికి ఆమె మనసులో ఆ ఎలుకలకి చీపురూ చీరా వచ్చేశాయి.

మొక్కల పేర్లు చెప్పే యాప్ ఒకటి చెల్లెలి కూతురు ఆమె ఫోనులో వేసిపెట్టింది. విజయశ్రీ వీపీఎన్ ఆన్ చేసి, కంచె సందులోంచి తార ఆకుని ఫొటో తీసింది. యాప్ కాసేపు గిరగిరా తిరిగి పేరు చెప్పింది. విజయశ్రీ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. గంజాయి.

"ఏవండీ, ఇటు చూడండి."

బలరాం టిఫిన్ క్యారియరు పట్టుకుని చూశాడు. "దానికేటి తెలుసు? మొన్న నా చెప్పులు చూపిస్తే తమలపాకులంది."

"చెప్పులు వేరు, మొక్కలు వేరు. ఇది మొక్కల కోసమే ఉన్న యాపు."

"అది గోంగూర కాకపోతే నీకు సంతోషం. అంతేనా?"

"నాకెందుకు సంతోషం? అమ్మవారి కుండలో అది పడితే ఊరంతా ఏమవుతుందోనని నా భయం."

"అయితే ఊరుకో. భయపడేవాళ్ళు ఊరుకుంటారు," అని అతను బస్సు కోసం వెళ్ళిపోయాడు.

విజయశ్రీ ఊరుకుంది, పప్పు నానేదాకా. తర్వాత గుడి అధ్యక్షుడు జగదీశ్వరరావు భార్య మంగాయమ్మకి ఫోను చేసింది.

"పిన్నీ, తార బాగుండాలనే నా కోరిక. పాపం దానికి తెలిసి వేసిందో, తెలీక వేసిందో. ఎవరికీ చెప్పకు."

"నానెవులికి సెప్తానే?" అంది మంగాయమ్మ.

మంగాయమ్మ మాట తప్పలేదు. తమ్ముడు దేముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అదైనా చెప్పడానికి కాదు, అడగడానికి. దేముడు రేవులో రిటైరైన మనిషి, లోకం చూసినవాడు. ఒక కంట్లో శుక్లం ఉన్నా రెండో కంటితో చూశాడు.

మధ్యాహ్నం కల్లా దేముడు తార పెరట్లో ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, మొహంలో భక్తి. కంచె ఇవతల విజయశ్రీ ఆరిన బట్టల్నే మళ్ళీ ఆరేస్తూ వింటోంది.

"మంచి మొక్కమ్మా," అన్నాడతను ఆకుని వేళ్ళతో నిమిరి. "బతుకులో ఇంత మంచి మొక్క సూడనేదు."

"అమ్మవారి దయ మావా," అంది తార.

"వాసన రాట్లేదు. రాదులే. పూత రాకుండా దీనికి వాసన రాదు." అతను గొంతు తగ్గించాడు. "శివుడికని కూసింత ఇస్తావేటి?"

"అమ్మవారికి అయిపోనీ మావా. మిగిలిందంతా మీకే. సంచీ తెచ్చుకోండి."

దేముడు ఆమెకి దండం పెట్టాడు. ఇంత గుండె ధైర్యం ఉన్న ఆడమనిషిని ఈ టౌన్‌షిప్‌లో చూడలేదని చెప్పి, ఆ మాట వీధి చివర టీ దుకాణంలో కూడా చెప్పాడు.

సాయంత్రానికి తార గుమ్మం ముందు చెప్పులు పెరిగాయి. సైకా రిక్షా తొక్కే కో ఠున్ మోకాలు చూపించి, దానికేమైనా ఆకు ఇస్తారా అని మర్యాదగా అడిగాడు. పులుపు తింటే మోకాళ్ళ నొప్పి ఎక్కువవుతుందని తార అతన్ని మందలించి టీ ఇచ్చింది. నిద్ర పట్టని ముసలాయన వచ్చాడు. ఊరికే చూసి పోతామన్నవాళ్ళు వచ్చారు. ప్రతి ఒక్కరూ మొక్కల్ని చూసి, అబ్బ అన్నారు. తుంచి నోట్లో వేసుకుంటే అరక్షణంలో తేలిపోయే సంగతి. కానీ చుట్టూ పసుపు దారం ఉంది. వచ్చిన పరాయివాళ్ళని కూడా తార దారానికి ఆమడ దూరంలో నిలబెట్టింది.

కంచె ఇవతల విజయశ్రీ గుండె మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆమె గోంగూర చూడడానికి ఒక్క మనిషి టీ తాగేంతసేపు ఆగలేదు. గంజాయి అన్న పేరు పెట్టి చెడగొడదామంటే ఆ పేరుతోనే తార ఇల్లు తిరనాళ్ళయింది.

దీపాలు పెట్టే వేళకి మంగాయమ్మ ఫోను చేసింది.

"ఒలే విజయా, వార్డు పెద్ద ఊ మ్యా థాన్ చెవిలో పడిపోనాదే. రేపు కమిటీతో కలిసి తనూ వస్తాడంట."

"రానీ పిన్నీ. నిజం తేలాలి కదా."

"మీ రెండు పెరళ్ళూ సూస్తాడంట. ఒకరిది సూసి ఒకరిది వొదిలేస్తే నాయం కాదన్నాడంట."

విజయశ్రీకి భయమేమీ కలగలేదు. తన మడిని కూడా ఒకసారి ఫొటో తీసి దాచుకుంటే, చూపించడానికి బాగుంటుందనుకుంది. మసక వెలుతురులో లేతాకు ఒకటి ఎంచి ఫొటో తీసింది. యాప్ గిరగిరా తిరిగింది. గంజాయి.

ఇంకో ఆకు. గంజాయి.

అప్పుడే వచ్చిన బలరాం ఫోను చూసి నవ్వాడు. "పీడా వదిలింది. ఇది గోంగూర అని మనకి తెలుసు. అంటే యాపుకి బుద్ధి లేదు. అంటే తారదీ గోంగూరే. పిన్నికి ఫోను చేసి చెప్పెయ్."

విజయశ్రీ మెట్టు మీద కూర్చుని ఆలోచించింది. తనది గోంగూర అయితే తారదీ గోంగూరే. మనిషెత్తు గోంగూర. పొద్దుట కమిటీ వస్తుంది, దాన్ని చూసి నోరు తెరుస్తుంది, తార మడే నెగ్గుతుంది. యాప్ నిజమైతే తారది గంజాయి. అప్పుడు తనదీ గంజాయే. ఎటు చూసినా ఒక నష్టం ఉంది. రెండు నష్టాల్లోనూ తార బాగుపడనిది ఒక్కటే.

"యాపు అబద్ధం చెప్పదు," అంది.

"ఇన్నేళ్ళ బట్టీ మనం తిన్నదేటి మరి?"

"అప్పుడు గోంగూరే. దాని మొక్కల పుప్పొడి గాలికి ఎగిరొచ్చి మన మడిలో పడింది. అందుకే మారిపోయింది."

"పూతే రానేదని దేముడు మావ టీ దుకాణంలో చెప్తున్నాడు కదే?"

"ఆయనకి ఒక కన్నే కనిపిస్తుంది."

బలరాం ఇరవయ్యేళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్యతో స్నానానికి వెళ్ళిపోయాడు. కరెంటు పోయింది. వీధంతా చీకటి కాగానే విజయశ్రీ చెంపలు వేసుకుని, పసుపు దారం విప్పి, అత్తగారి మడిని వేళ్ళతో సహా పీకింది. మట్టి దులిపి, కట్టలు కట్టి, దారంతో సహా గోనెసంచిలో కుక్కింది. సంచి ఎక్కడ పెట్టాలి? ఇంట్లో పెడితే ప్రమాదం, వీధిలో పెడితే కుక్కలు లాగుతాయి. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోవడం ధర్మమనిపించింది. సంచిని కంచె మీదుగా తార పెరట్లోకి దించింది.

శుక్రవారం పొద్దున్న ఊ మ్యా థాన్ కొత్త లుంగీ కట్టుకుని వచ్చాడు. వెనక జగదీశ్వరరావు, మంగాయమ్మ, సంచీతో దేముడు. తార అందరికీ కుర్చీలు వేసింది. సంగతి మొత్తం ఆమెకి అప్పుడే చెప్పారు. తార మొహం పాలిపోయింది.

"గంజాయేటండీ బాబూ. గోంగూరండీ. తిని సూస్తే తెలుస్తాది గానీ, తినకూడదు కదండీ."

తెలుగు రాని ఊ మ్యా థాన్ ఆ మాటలు పూర్తయ్యేదాకా ఆగలేదు. దారం మీదుగా చెయ్యి చాపి ఆకు తుంచి, అందరూ వద్దు వద్దనేలోపు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఒక కన్ను మూశాడు.

"చింబౌ," అన్నాడు తన భాషలో. "బాగా పుల్లగా ఉంది. మా ఆవిడకి కాసిని ఇస్తారా?"

దేముడు సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. జగదీశ్వరరావు మాత్రం తల పట్టుకున్నాడు.

"ఒక్క ఆకైనా ఎంగిలి ఎంగిలే. తారా, నీ తప్పు కాదమ్మా. కానీ ఈ మడి అమ్మవారికి పనికిరాదు." అతను కంచె వైపు తిరిగాడు. "ఏం చేస్తాం, ఎప్పట్లాగే విజయశ్రీ కూరే వండిద్దాం. పదండి."

విజయశ్రీ జీవితంలో అంత తియ్యటి మాట, అంత చేదుగా ఎప్పుడూ వినలేదు.

వాళ్ళు వచ్చి మడి దగ్గర నిలబడ్డారు. దున్నిన పొలంలా ఉంది.

"ఏటయ్యిందే?" అంది మంగాయమ్మ.

"మేకలు," అంది విజయశ్రీ.

"మన వీధిలో మేకలెవులికున్నాయి?"

"పక్క వీధివి."

జగదీశ్వరరావు వంగి చూశాడు. "వేళ్ళతో సహా తిన్నాయా? దారం కూడా?"

"ఆకలి మేకలు," అంది విజయశ్రీ. బలరాం గుమ్మంలోంచి లోపలికి తప్పుకున్నాడు.

అప్పుడు కంచెకవతల నుంచి తార కేక వినిపించింది. "ఇటు రండి ఒకసారి. ఇదేటో మూట."

గోనెసంచి విప్పేసరికి కట్టలు కట్టిన గోంగూర, మంచు తడికి వాడకుండా నవనవలాడుతోంది. ఎర్ర కాడలు, వెడల్పాకులు. పైన పసుపు దారం ఉండలా చుట్టి ఉంది. ఎవరి నాలుకా తగలని కూర.

తార ఒక కట్ట చేతిలోకి తీసుకుని కాడ చూసింది, ఆకు చూసింది, చివరికి కంచె వైపు చూసింది.

"వొదినా, ఇది నీదేటి?" అని చాలా నెమ్మదిగా అడిగింది.

అందరూ విజయశ్రీ వైపు తిరిగారు. నాదే అంటే మడి గౌరవం దక్కుతుంది, మైకులో పేరు దక్కుతుంది. అమ్మవారి దారం విప్పి, వేళ్ళతో సహా పీకి, పక్కింట్లో ఎందుకు పడేసిందో కూడా మైకు దాకా వెళుతుంది.

"నాదెలా అవుతుంది? నా మడిని మేకలు తినేశాయి కదా," అంది.

"అయితే అమ్మవారే పంపినట్టు," అని తార కట్టని కళ్ళకి అద్దుకుంది. ఆ కళ్ళలో భక్తి ఎంతుందో, మిగతాది ఎంతుందో విజయశ్రీకి కంచె సందులోంచి సరిగ్గా కనిపించలేదు.

మధ్యాహ్నం గుడి దగ్గర మైకులో "ఈ యేటి కూర తారమ్మగారి పెరట్లో అమ్మవారు తనంత తానుగా ప్రసాదించినది" అని రెండుసార్లు చెప్పారు. తార తల వంచుకోలేదు. హాయిగా నవ్వింది. పంక్తిలో విజయశ్రీ పక్కన కూర్చున్న మంగాయమ్మ పులుసు జుర్రుకుని నిట్టూర్చింది.

"ఏమనుకోకే విజయా. ఇన్నేళ్ళలో నీ పెరటి కూరకి ఈ రుచి ఒక్కనాడూ రానేదు."

అవతలి పక్క బలరాం ముద్ద మింగి, "ఇది అచ్చం మన ఇంటి రుచే," అన్నాడు.

విజయశ్రీ అతని విస్తట్లో తన అప్పడం కూడా వేసి, తినేటప్పుడు మాట్లాడకూడదని చెప్పింది.