యానిమేకు పూలు పెట్టించిన నాగలక్ష్మి

ఆ శనివారం పొద్దున నాగలక్ష్మి అనుకున్న పని చిన్నదే. ఆంజనేయస్వామి గుడికి పోయి పూలు పెట్టించాలి, ఇంటి ముందే అంగడి నడిపే భర్త బదరీనారాయణ పలహారానికి కూర్చునేలోపు ఇల్లు చేరాలి. ఉరవకొండలో పూలు పెట్టించడం కొత్తేమీ కాదు. బోరు వేయించాలా వద్దా, సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా అని తేలనప్పుడు ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి వేరు వేరు ఆకుల్లో పొట్లం కట్టి స్వామి పాదాల దగ్గర పెడతారు. పూజారి కళ్లు మూసుకుని ఒకటి తీసిస్తాడు. మామూలుగా ఎర్రదొస్తే ఔనని, తెల్లదొస్తే వద్దని లెక్క. అడిగిన సంగతి మాత్రం, ఆ పని మొదలయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఫలించదు.

నాగలక్ష్మి అడగబోయేది బోరు గురించి కాదు. ఈ సీజన్‌లో ఏ యానిమే చూడాలని.

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఈ జిల్లాలో వానలు కాలం తప్పుతాయి గానీ, జపానువాళ్ల బొమ్మల కథలు మూడు నెలలకోసారి తప్పకుండా కొత్తవి దిగుతాయి. కొడుకు ముఖేష్ వాటిని జల్లెడ పట్టి, అమ్మకు నచ్చేదొకటి ఏరేవాడు. మధ్యాహ్నం ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే, ఫోను చెంబుకు ఆనించి, కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో చెప్పేవాడు. "మా, వచ్చే సీజన్‌కు రెండుండాయి. ఒకటే చూద్దాం. ఏదో తర్వాత చెప్తా" అన్నాడు ఒకరోజు. ఆ వారంలోనే గుత్తి రోడ్డులో లారీ గుద్దింది.

సీజన్ వచ్చింది. చెప్పేవాడు లేడు. వాడి ఫోనులో రెండు బొమ్మలు మిగిలాయి: కత్తి పట్టిన కుర్రవాడు, కొండ మీద టీ అంగడి నడిపే ముసలమ్మ. రెండూ చూడొచ్చు కదా అంటే, వాడు ఒకటే అన్నాడు. వాడు ఏరినది కాక వేరేది చూస్తే ఆ చివరి మాట కూడా చేజారిపోతుందని ఆమె భయం. భర్తను అడుగుదామంటే, కొడుకు పోయినప్పటి నుంచి ఆయన ఇంట్లో వాడి పేరే ఎత్తనివ్వడు.

ఎర్రది కుర్రవాడు, తెల్లది ముసలమ్మ అనుకుని దండం పెట్టుకుంది. ఎర్రది వచ్చింది. పొట్లం విప్పుతుంటే వెనక నిలబడ్డ పక్కింటి కన్యకమ్మ చూడనే చూసింది.

"ఏం అడిగితివక్కా?"

నాగలక్ష్మి పువ్వును కొంగున ముడేసుకుంది.

"అంగడి సంగతేనా? పిల్లోడు పాయె, ఇంక ఎవరి కోసమని అమ్మేస్తాండారా?"

ఆచారం నోరు కట్టేసింది. పిల్లోడన్న మాటకు కళ్లు నిండాయి. మౌనం అర్ధాంగీకారం అంటారు. కన్నీళ్లు కూడా తోడైతే కన్యకమ్మకు అది పూర్తి అంగీకారమే.

కన్యకమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నాగలక్ష్మి ఇల్లు చేరి, బొరుగులు నానేసి ఉగ్గానికి తాలింపు పెట్టేలోపే, ఇంటి ముందువైపు అంగట్లో హనుమంతమ్మ గొంతు వినిపించింది.

"అంగడి ఇచ్చేస్తాండావంట గదన్నా! ఆ గాజు జాడీలు నాకే ఇయ్యప్పా, ఊరగాయకు పనికొస్తాయి."

ఎండ దెబ్బ తగిలిందేమోనని బదరీనారాయణ ఆమెకు మంచినీళ్లిచ్చాడు. అంతలో ఓబులేసు వచ్చి తక్కెడ తనకు కావాలన్నాడు. ఆ వెనకే పక్కంగడి శ్రీనివాసులు ఏకంగా మేస్త్రీని వెంటబెట్టుకుని దిగి, గోడకు టేపు పట్టించాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"సామే ఎర్ర పువ్వు ఇచ్చినాడంట, ఇంక ఆలోచనేంది బదరన్నా? ఈ గోడ కొట్టేస్తే రెండంగళ్లూ ఒకటైతాయి. ఈ మూల స్టూలేందికి అడ్డం? తీసి బయట పారెయ్ మేస్త్రీ."

"ఆ స్టూలు ముట్టుకుంటే చేతులు విరుస్తా!"

అంగడంతా ఉలిక్కిపడింది. బదరీనారాయణ అందరినీ బయటికి తరిమి, షట్టరు దించి, వంటింట్లోకి వచ్చాడు.

"ఏమే, అంగడి అమ్మాలని పూలు పెట్టించినావా? నన్నొక మాట అడగాలనిపించల్యా?"

ఇంక దాచలేకపోయింది. "అంగడి కాదండీ. బొమ్మల కథకు పెట్టించినా. ఏది చూడాల్నో చెప్తానని, చెప్పకనే పాయె పిల్లోడు. నాకు తెలియల్యా. ఇంకెవర్ని అడగాల?"

ఫోను ముందు పెట్టి, తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. ఆయన ఆ రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నేల మీద కూర్చున్నాడు.

"సామి ఏది చెప్పినాడు?"

"కత్తి పిల్లోణ్ణి."

"సామికి తెలీదులే. ముసలమ్మది. కత్తులూ నెత్తురూ చూస్తే అమ్మ అన్నం తినదు నాయనా, ఈసారి ముసలమ్మదే పెడతా అన్న్యాడు. ఆ స్టూలు మీద కూచోని పొద్దస్తమానం ఇవే చెప్తాండె. పనీపాటా లేదురా అని తిడతాంటి. తిడతానే అన్నీ వింటాంటి."

"మరి ఇన్నాళ్లూ చెప్పల్యా?"

"వాని పేరు ఎత్తితే గొంతు నిలబడదే" అన్నాడు. అన్నట్టే నిలబడలేదు. కొడుకు పోయాక ఆయన భార్య ఎదుట ఏడవడం అదే మొదటిసారి. ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచి, తన మొహం తుడుచుకోవడం మరిచిపోయింది.

ఫోను చెంబుకు ఆనించారు. తెర మీద ముసలమ్మ పొయ్యి రాజేసింది. ఎవరో వాకిట్లోకి వస్తే ఏదో అని నవ్వింది. కింద ఇంగ్లీషు అక్షరాలు ఎవరి కోసమూ ఆగకుండా పోతున్నాయి.

"ఏమంటాంది?" అంది నాగలక్ష్మి.

ఆయనకూ ఒక్క ముక్క తెలియలేదు. "ఎండన పడి వచ్చినావు, టీ తాగిపో నాయనా అంటాంది" అన్నాడు.

ఆ పూట షట్టరు మళ్లీ లేవలేదు. సాయంత్రానికల్లా అంగడి బేరం కుదిరిపోయిందని ఉరవకొండ ఖాయం చేసుకుంది.